రంగత్ జహాజాకు

రంగత్,
మధ్య అండమాన్.
9-2-1971

చిరంజీవి ఝాన్సీలక్ష్మికి,

మీ నాన్న గణేశ్వరరావు మనసారా దీవించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ నేను క్షేమం. మన రేకుల ఇల్లు మొన్నటి వానకి రెండు చోట్ల కారినా మొత్తం మీద క్షేమం. నువ్వు నాటి వెళ్ళిన పనస మొక్క నా భుజం దాకా వచ్చింది, అదీ క్షేమం. అక్కడ నువ్వు కూడా క్షేమమని తలుస్తాను అని రాయడం ఆనవాయితీ. కానీ నీ ఉత్తరం చదివిన తర్వాత అలా రాస్తే అబద్ధం రాసినట్టు అవుతుంది. అబద్ధాల సంగతి తేల్చుకోవడానికే గదా ఈ ఉత్తరం.

నీది మొన్న శనివారం బోటులో వచ్చింది. నాలుగు పేజీలు. మొదటి పేజీలో ఏడ్చావు, తర్వాతి రెండింట్లో నన్ను తిట్టావు, నాలుగో పేజీలో ఇరవై ఏడో తారీఖు ఓడకి వచ్చేస్తున్నానన్నావు. తిట్లలో కూడా నీ దస్తూరీ వంకర తిరగలేదు. గుమాస్తా కూతురివి అనిపించుకున్నావని ఆ బాధలో కూడా కాస్త గర్వపడ్డాను, ఏమీ అనుకోకు.

జరిగింది నాకు సరిగ్గా అర్థమైందో లేదో చూడు. బాటనీ ప్రాక్టికల్స్ రోజున బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు మొక్కల కదలికలకి ఉదాహరణలు చెప్పమన్నారు. నువ్వు అత్తిపత్తి చెప్పావు, పొద్దుతిరుగుడు చెప్పావు. అక్కడితో ఆగితే సరిపోయేది. మా రంగత్‌లో జహాజాకు అనే తీగ ఉందండీ, ఓడ రావడానికి రెండు రోజుల ముందు దాని ఆకులన్నీ జెట్టీ వైపు తిరుగుతాయి అన్నావు. ఆయన పాపం రాసుకుందామని పెన్ను కూడా తీశారట. వెలుతురుకి తిరుగుతుందా, నీటికి తిరుగుతుందా అని అడిగితే, ఓడకి తిరుగుతుంది అన్నావు. హాలంతా నవ్వింది. గాజుసామాను కడిగే అటెండరు కూడా నవ్వాడు. ఇది ఎక్కడ చదివావమ్మా అని ఆయన అడిగితే, చదవలేదండీ, మా నాన్న చెప్పాడు అన్నావు. అప్పటి నుంచి హాస్టల్లో నువ్వు ఎదురుపడితే చాలు, ఝాన్సీ, ఇవాళ ఆకు ఎటు తిరిగింది అని అడుగుతున్నారు.

నాన్నా, చిన్నప్పటి నుంచి నువ్వు చెప్పినవన్నీ ఉత్తుత్తివే అయితే నేను ఈ మొక్కల చదువు దేన్ని నమ్ముకుని ఇంత దూరం వచ్చి చదువుతున్నట్టు అని రాశావు. పరీక్షలు రాయనన్నావు. నేను నీకిచ్చిన ఆ సొట్ట భూతద్దం, ఏ పాతసామాన్ల కొట్లోనో కొన్నదై ఉంటుందన్నావు గదా, దాన్ని దారిలో సముద్రంలో పారేసి వస్తానన్నావు. ఈ ఉత్తరం నీకు ఇరవై ఏడో తారీఖు లోపల అందాలి. అందుకని రేపటి బోటు నడిపే సారంగు చేతికిచ్చి, పోర్ట్ బ్లెయిర్ మిడిల్ పాయింట్‌లో ఉండే మల్లేశుకి ఇమ్మని, అతన్ని మెయిన్‌లాండ్‌కి పోయే విమానం టపాలో వేయమని ఏర్పాటు చేశాను. పని మానుకుని రాస్తున్నాను. కాబట్టి నువ్వు కూడా కోపం కాసేపు పక్కన పెట్టి, మధ్యలో చింపెయ్యకుండా చదువు. పుస్తకం చివరి పేజీ ముందు చదివే అలవాటు నీకుంది. ఈ ఒక్కసారికి మానుకో.

ముందు నేరం ఒప్పుకుంటాను. జహాజాకు ఏ పుస్తకంలోనూ లేదు. హిందీ తీగ లేదు. ఆదివారం మాను లేదు. పొలమారు మొక్క లేదు. లేవని తెలిసే నీకు చెప్పాను. అయితే అవి పుట్టించింది నేను కాదు. అంత బుర్ర నాకుంటే ఫారెస్టు రేంజాఫీసులో ఇంకా గుమాస్తాగానే ఎందుకుంటాను? బతుకంతా ఒకరు చెబితే రాసుకున్నవాణ్ణి. వీటిని కనిపెట్టిన మనిషి వేరే ఉన్నారు. వారి గురించి నీకు ఎప్పుడూ చెప్పలేదు. నేను నీకు చేసిన అసలు తప్పు అది.

మన రేంజరుగారు వారికి ప్రొఫెసర్ సాబ్ అని పేరు పెట్టారు. కలప కొట్టే క్యాంపంతా అలాగే పిలిచేది. నేను ప్రొఫెసరుగారు అనేవాణ్ణి.

ఇది మీ అమ్మ చనిపోయిన ఏటి మాట. ఇప్పుడు నువ్వు చూస్తున్న బజారు, బడి, ఇవేవీ రంగత్‌లో లేవు. ఇక్కడున్న వాళ్ళెవరూ ఇక్కడి వాళ్ళు కారు. భీమిలి వైపు నుంచి, శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన తెలుగువాళ్ళం పదిళ్ళు. తూర్పు బెంగాల్లో సర్వం పోగొట్టుకుని వచ్చి అడవి కొట్టి మడి చేసుకుంటున్నవాళ్ళు కొందరు. రాంచీ నుంచి చెట్లు నరకడానికి వచ్చినవాళ్ళు. దుంగలు లాగే ఏనుగులు, వాటి మావటీలు. చుట్టూ చూస్తే ఆకాశం కనబడని అడవి. అందులో ఒక్క మొక్క పేరు ఒక్కరికీ తెలియదు. పడాక్, గుర్జన్ అని కలపకి పనికొచ్చే నాలుగు పేర్లు డిపార్టుమెంటు నేర్పింది, మిగతాదంతా జంగిల్. ఈ అడవిని తరతరాలుగా ఎరిగినవాళ్ళు లేకపోలేదు, వాళ్ళ పేర్లు వాళ్ళకి ఉన్నాయి. కానీ మేము గొడ్డళ్ళతో వస్తుంటే వాళ్ళు లోపలికి జరిగిపోయారు. వెళ్ళి అడిగే మొహం మాకు లేదు.

పక్కింటి గురమ్మ నీకు తెలుసు, రంపం మేస్త్రీ నూకన్న పెళ్ళాం. ఇప్పుడు ఊరందరికీ ధైర్యం చెప్పే ఆ మనిషి అప్పట్లో చెట్టు కింద కూర్చుని అన్నం తినడానికి కూడా భయపడేది. దీని పేరేటో తెల్దు, దీని గునమేటో తెల్దు, దీని కింద కూకుని మెతుకు మింగడవెలాగ బాబూ అని ఏడ్చేది. మగవాళ్ళు పైకి చెప్పేవారు కాదు గానీ, వాళ్ళదీ అదే భయం.

ప్రొఫెసరుగారికి మాత్రం భయం లేదు. వారు వరసగా పేర్లు పెట్టుకుంటూ పోయారు. మనం వాటికి పేరు పెట్టకపోతే అవే మనకి పేర్లు పెట్టేస్తాయి, అప్పుడు అవి పిలిస్తే వెళ్ళాల్సి వస్తుంది అనేది వారి మొదటి సిద్ధాంతం. వారి పరికరాలు మూడు. అంచులు అరగదీసిన లాంతరు చిమ్నీ ముక్క ఒకటి, దాంట్లోంచి చూసేవారు. నా ఆఫీసు కొలత టేపు రెండోది. మూడోది నేను. రిజిస్టరు పట్టుకుని వెనకే నడవమనేవారు. గుమాస్తా అంటే వారికి కాస్త చులకన.

వారి పద్ధతి చెబుతాను విను, నీకు పనికొస్తుంది. మొక్క పొడుగు కొలవకూడదు, దాని నీడ కొలవాలి. మొక్క మొహమాటానికి నిటారుగా నిలబడుతుంది గానీ నీడకి మొహమాటం లేదు. తర్వాత మొక్కని ఒకే ప్రశ్న మూడుసార్లు అడగాలి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి. మూడుసార్లూ ఒకే జవాబు వస్తేనే రిజిస్టరులో ఎక్కించాలి. రెండుసార్లే వస్తే పెన్సిలుతో రాయాలి. నేను తొందరపడి ఒకసారి సిరాతో రాస్తే ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

హిందీ తీగ ఎలా దొరికిందనుకున్నావు? నూకన్న గుడిసె పక్కన ఒక తీగ ఎంతకీ పందిరి ఎక్కేది కాదు. నూకన్న దాన్ని తెలుగులో తిట్టాడు, కదల్లేదు. బెంగాలీ వాళ్ళు వాళ్ళ భాషలో బతిమాలారు, ఇంకా ముడుచుకుంది. ప్రొఫెసరుగారు మూడు పొద్దులు దాని ముందు నిలబడి, పైకి రమ్మని ఆవో, ఊపర్ ఆవో అన్నారు. నాలుగో రోజుకి బెత్తెడు ఎక్కింది. కారణం అడిగితే, అందరి చెట్లూ ఎక్కాల్సిన తీగ గదా, అందరి భాషే రావాలి అన్నారు. నూకన్న ముక్కు మీద వేలేసుకుని, మరి నానూ నేర్సుకోవాల అని ఆ రోజు నుంచి హిందీ మొదలుపెట్టాడు. ఇవాళ అతను రాంచీవాళ్ళతో భయ్యా భయ్యా అని గంటలు గంటలు మాట్లాడుతున్నాడంటే ఆ తీగ చలవే.

ఆదివారం మాను సంగతి ఇంకా గొప్పది. క్యాంపు వెనకాల ఉన్న పెద్ద గుర్జన్ చెట్టు ఆదివారం నాడు నిద్రపోతుందని ప్రొఫెసరుగారు తేల్చారు. శనివారం సాయంత్రం దాని రసం పైకి పోయి కొమ్మల్లో పడుకుంటుంది, సోమవారం పొద్దున దిగుతుంది. మధ్యలో రంపం పెడితే రంపం పళ్ళకి కూడా నిద్ర పట్టుకుంటుంది. రాంచీవాళ్ళలో ఆదివారం ప్రార్థన చేసుకునేవాళ్ళు చాలామంది. వాళ్ళు దీన్ని వెంటనే ఒప్పుకున్నారు. యే పేడ్ సోతా హై సాబ్ అని రేంజరుగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన నవ్వాపుకుని, చెట్టు ఆరోగ్యం దృష్ట్యా ఆదివారం రంపపు పని నిలిపివేయడమైనది అని నా చేత ఆర్డరు రాయించారు. అంతకు ముందు ఏడాదిన్నరగా ఎంతమంది అడిగినా దొరకని సెలవు అది.

అన్నిటికన్నా నాకు ఇష్టమైంది పొలమారు మొక్క. మనకి పొలమారితే ఎవరో తలుచుకుంటున్నారు అంటాం గదా. ఈ దీవులకి వచ్చాక మనవాళ్ళకి పొలమారడం లేదని ప్రొఫెసరుగారు గమనించారు. ఎందుకంటే, మెయిన్‌లాండ్‌లో వాళ్ళు తలుచుకున్న తలపు ఇంత సముద్రం దాటి రావాలి. దారిలో తడిసి బరువెక్కిపోతుంది. మన గొంతు దాకా ఎగరలేక ఒడ్డునే ఉన్న ఒక పొట్టి మొక్క మీద పడిపోతుంది. గాలి లేకుండా ఆ మొక్క ఊగిందంటే ఎవరో ఎవర్నో తలుచుకున్నట్టు. దాని దగ్గర కూర్చుని ఒక్కొక్క పేరూ చెప్పాలి, సరైన పేరుకి అది ఆగుతుంది. గురమ్మ తల్లిని భీమిలిలో వదిలి వచ్చింది. మధ్యాహ్నం అన్నం పట్టుకుని ఆ మొక్క పక్కనే కూర్చునేది. మాయమ్మ పేరు సెప్పగానే ఆగిపోనాది బాబూ అని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చిన రోజు ఆవిడ మొహం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత గురమ్మ చెట్ల కింద అన్నం తినడానికి భయపడలేదు.

ఆరు నెలలు గడిచేసరికి ఒక చిత్రం జరిగింది. ఇవన్నీ మొదట ఎవరు చెప్పారో అందరూ మరిచిపోయారు. బెంగాలీలు ఇవి తెలుగువాళ్ళ తాతల నాటి జ్ఞానం అనుకున్నారు. మనవాళ్ళు ఇవి రాంచీవాళ్ళవి అనుకున్నారు, అడవి మనుషులు గదా. రాంచీవాళ్ళేమో వీటిని మావటీలు బర్మా వైపు నుంచి తెచ్చారనుకున్నారు. మావటీలు రిజిస్టరులో ఉంది కాబట్టి సర్కారు వారి ఉత్తర్వు అనుకున్నారు. పక్కవాళ్ళ పెద్దలు చెప్పిన మాట, కాదంటే బాగుండదని ఎవరికి వారు మర్యాదకి నమ్మేశారు. అలా నాలుగు భాషలవాళ్ళకి ఒక్కటే అడవి దొరికింది. ఆ ఘనత ప్రొఫెసరుగారిదని నాకు తప్ప ఎవరికీ గుర్తులేదు.

ఇక జహాజాకు, అంటే ఓడ ఆకు. జెట్టీకి వెళ్ళే దారిలో మడ చెట్ల పక్కన తమలపాకు లాంటి ఆకులున్న తీగ అది. పోర్ట్ బ్లెయిర్ నుంచి బోటు ఎప్పుడొస్తుందో అప్పట్లో దేవుడికే తెలియాలి. వానాకాలంలో వారం అన్నది మూడు వారాలయ్యేది. ఆ బోటులో ప్రొఫెసరుగారికి రావలసిన మనిషి ఒకరుండేవారు. అందుకని ఓడ కబురు అందరికన్నా ముందు తమకి తెలియాలని వారి పట్టుదల. రోజూ పొద్దున్నే వెళ్ళి ఆకులు లెక్కపెట్టేవారు. జెట్టీ వైపు ఎన్ని, అడవి వైపు ఎన్ని. జూన్ నుంచి డిసెంబరు దాకా బోటు పదిహేనుసార్లు వచ్చింది. పదకొండుసార్లు ఆకు ముందే చెప్పింది. గాలి మళ్ళితే ఆకులూ మళ్ళుతాయని, ఆ గాలికే బోటూ బయల్దేరుతుందని నాకనిపించేది గానీ నోరు మెదిపేవాణ్ణి కాదు. తప్పిన నాలుగుసార్లూ తప్పు ఆకుది కాదు, ఓడదే అన్నారు ప్రొఫెసరుగారు.

నేను చేసిన ఘనకార్యం ఇప్పుడు చెబుతాను. ఆ ఏడు పోర్ట్ బ్లెయిర్ నుంచి ఒక కాగితం వచ్చింది. మీ రేంజిలోని మొక్కలు, స్థానిక నామాలు, ఉపయోగాలు జాబితా వేసి పంపమని. స్థానికంగా ఎవరికీ ఏ పేరూ తెలియదు, ఖాళీ కాగితం పంపితే మాట పడాలి. నేను రిజిస్టరు తీసి ప్రొఫెసరుగారి పదిహేడు మొక్కలూ ఎక్కించేశాను. జహాజాకు, ఉపయోగం: నౌకా సమాచారం. హిందీ తీగ, ఉపయోగం: భాషాభివృద్ధి. రేంజరుగారు చదవకుండా సంతకం పెట్టారు. రెండు నెలల తర్వాత ఆ జాబితా పట్టుకుని కలకత్తా నుంచి ఒక పెద్దాయన బోటు దిగారు. మొక్కల శాస్త్రంలో పండిపోయిన మనిషి, తెల్ల గడ్డం, నడుముకి మొక్కలు దాచుకునే ఇత్తడి డబ్బా. జహాజాకు చూపించండి అన్నారు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను.

ప్రొఫెసరుగారు మాత్రం ఏమీ తొణకలేదు. దుంగ మీద కూర్చుని, ముందు మీరు బూట్లు విప్పండి, మొక్కకి అడుగుల చప్పుడు పడదు అన్నారు. ఆ పెద్దాయన బూట్లు విప్పి, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. పదిరోజులు ఉన్నారు, పదిరోజులూ ప్రొఫెసరుగారి వెనకే తిరిగారు. నీడలు కొలిచారు, మూడేసిసార్లు అడిగారు. పొలమారు మొక్క దగ్గర తనలో తనే ఏదో పేరు అనుకుని, అది ఆగగానే కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. నాతో అన్నారు గదా, నేను ఎండిపోయిన ఆకులకి నాలుగొందల పేర్లు పెట్టానండీ, బతికున్న మొక్కని మూడుసార్లు అడిగి గాని రాయని మనిషిని ఇప్పుడే చూస్తున్నాను అని. నా ఉద్యోగం ఊసే ఎత్తలేదు.

ఆయన తిరిగి వెళ్ళేరోజున వచ్చిన బోటు పదిహేనోది. అందులోంచి దిగిన ప్రతి మనిషినీ ప్రొఫెసరుగారు జెట్టీ చివర నిలబడి చూశారు. ఆఖరి మనిషి దిగేదాకా చూశారు. అది గమనించి ఆ పెద్దాయన వారిని ఏదో అడిగారు, తర్వాత నన్ను పక్కకి పిలిచి ఒక మాట అన్నారు. ఆ మాట పదమూడేళ్ళుగా నన్ను పొడుస్తూనే ఉంది. అది కింద రాస్తాను.

ఆ తర్వాత నెల దాటాక ప్రొఫెసరుగారు ఇక్కణ్ణుంచి పోర్ట్ బ్లెయిర్ దగ్గరి ప్రోతరాపూర్ వెళ్ళిపోయారు. మొక్కల పేర్లు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి. మొన్న కూడా ఒక బెంగాలీ ముసలమ్మ పొలమారు మొక్క దగ్గర కూర్చుని ఉండగా చూశాను.

అమ్మా, నేను పెద్దగా చదువుకోలేదు. రిజిస్టర్లు నింపడమే నా చదువు. అయినా నా జీవితంలో నేను నెత్తిన పెట్టుకోదగ్గ మనిషిని ఒకరిని చూశానంటే అది ఆ ప్రొఫెసరుగారే. చెప్పింది నిజమా కాదా అని నువ్వడుగుతావు, సరే. కానీ అంత శ్రద్ధగా చూడటం, అడగటం, జవాబు కోసం అంత ఓపికగా కూర్చోవటం మరొకరిలో చూడలేదు. నువ్వు చదువుతున్న శాస్త్రానికి మొదటి మెట్టు అదే గదా? ఒక హాలు నవ్వినంత మాత్రాన అది ఎలా తప్పవుతుంది? నీకు నా మీద కోపం ఉంటే ఉండనీ, దానికి నేను తగుదును. మొక్కల మీద మాత్రం కోపం పెట్టుకోకు. పరీక్షలు రాసి, ఆ తర్వాత ఏ ఓడకి వచ్చినా నేను జెట్టీ మీద ఉంటాను.

ఇట్లు,
నీ మేలు తప్ప వేరే కోరిక లేని
మీ నాన్న
గణేశ్వరరావు

తా.క. ఇప్పుడు చదువు, చివర రాస్తానన్న సంగతి.

ప్రొఫెసరుగారికి అప్పుడు ఆరేళ్ళు. పై వరసలో రెండు పళ్ళు లేవు. పేరు ఝాన్సీలక్ష్మి.

మీ అమ్మ పద్మావతి ఈ ఇంట్లోనే జ్వరంతో పోయిందని, నువ్వప్పుడు నిద్రలో ఉన్నావని నువ్వు పెద్దయ్యాక నీకు చెప్పాను. అది నిజం కాదు. ఆ జూన్‌లో మీ అమ్మని బోటులో పోర్ట్ బ్లెయిర్ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. నువ్వు గురమ్మ చంకలో ఉండి జెట్టీ మీద చెయ్యి ఊపావు. మూడు వారాలకి అక్కడే పోయింది. అక్కడే అన్నీ ముగించుకుని ఒంటరిగా తిరిగి వచ్చాను. అమ్మేది నాన్నా అన్నావు. వచ్చే ఓడలో వస్తుంది అన్నాను. ఆ ఓడ వచ్చింది. మళ్ళీ వచ్చే ఓడ అన్నాను. చెప్పే ధైర్యం లేక అలా ఆరు నెలలు దాటేశాను. నువ్వు జహాజాకుని కనిపెట్టింది అందుకే తల్లీ.

ఆ కలకత్తా పెద్దాయన నిన్ను అడిగి అసలు సంగతి తెలుసుకున్నారు. నన్ను పక్కకి పిలిచి అన్న మాట ఇది. క్లర్కుగారూ, ఆ పిల్ల ఇంత నిజాయితీగా ప్రయోగం చేస్తోంది, మీరు ఫలితం దాచిపెట్టుకున్నారు, ఇంతకన్నా పెద్ద మోసం మా శాస్త్రంలో లేదు అన్నారు. తన భూతద్దం తీసి నీ చేతిలో పెట్టి బోటు ఎక్కారు. నీ పెట్టెలో ఉన్నది అదే. దాని అంచు సొట్ట పడింది ఆ సాయంత్రమే, నేను నీకు అమ్మ సంగతి చెప్పినప్పుడు, నీ చేతిలోంచి జారి.

నువ్వు ఏడవలేదు. మర్నాడు తీగ దగ్గరికి వెళ్ళి పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం అడిగి వచ్చి నన్ను రిజిస్టరు తీయమన్నావు. నాన్నా, ఆకు అబద్ధం చెప్పలేదు, అది ఓడ వస్తుందంది గానీ అమ్మ వస్తుందని ఒక్కసారి కూడా అనలేదు, నేనే తప్పు చదివాను, అలా రాయి అన్నావు. ఆ నాలుగుసార్లూ ఓడది తప్పు కాదు, అది కూడా కొట్టెయ్యి అన్నావు. నేను రాశాను. ఆ రాత్రి నీకు జ్వరం తగిలింది, నెల దాకా వదల్లేదు. తగ్గాక మీ గవరమ్మ అత్తయ్య ప్రోతరాపూర్ తీసుకెళ్ళి నాలుగేళ్ళు పెంచింది. తిరిగి వచ్చేసరికి నీకు ఏదీ గుర్తులేదు. గురమ్మ నీకే పొలమారు మొక్క గురించి చెబుతుంటే నువ్వు నోరు తెరుచుకుని విన్నావు. మొక్కలు నీవని చెబితే ఆ ఓడలన్నీ నీకు గుర్తొస్తాయని భయపడి నేనూ ఊరుకున్నాను, నూకన్ననీ గురమ్మనీ ఊరుకోమన్నాను.

ఆ రిజిస్టరు కాగితం దీంతో పంపుతున్నాను. సర్కారు రిజిస్టరులోంచి కాగితం చింపడం నా ఉద్యోగంలో ఇదే మొదటిసారి. రిమార్కుల గడిలో చూడు, నేనే తప్పు చదివాను అని ఉంటుంది. దస్తూరీ నాది, మాట నీది. తన తప్పు తనే పట్టుకుని రాయించిన ఆ ఆరేళ్ళ మనిషి ముందు నీ ఎగ్జామినరూ, నేనూ ఏపాటి?

భూతద్దం పారెయ్యకు. మళ్ళీ ఎవరైనా ఈ జహాజాకు ఎక్కడ చదివావమ్మా అని అడిగితే, మా నాన్న చెప్పాడు అనకు. నేనే రాయించాను అని చెప్పు.